వెనక్కి దాటిన కాలు

నేను మా తమ్ముణ్ణి దాటిన సంగతి మీరు చూసే ఉంటారు. సినిమా పేరు చెప్పను. రెండు వారాలపాటు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఏ గోడ చూసినా దాని పోస్టరే. ఉత్తరాన మంచుకొండలు, ఒక కనుమదారి, ఆ దారి నాదంటే నాదని మూడు తరాలు నరుక్కునే ఒకే రక్తపు రెండు కుటుంబాలు. మూడు గంటల పది నిమిషాల సినిమా. ఇంటర్వెల్ తర్వాత పెద్ద యుద్ధం ముగుస్తుంది. గెలిచినవాళ్ళు శవాల మధ్య నుంచి నడిచి వస్తుంటారు. వాళ్ళలో గడ్డం, పొడుగు ముక్కు, ఎర్ర తలపాగా ఉన్న ఒక ముసలివాడు ఒక శవాన్ని దాటి అడుగు వేస్తాడు. ఆ ముసలివాడు నేనే. ఆ శవం మా ఎల్లయ్య.

రెండు సెకన్లు ఉంటుంది. మీరు సమోసా కొరుకుతూ ఉంటే మిస్సయి ఉంటారు, మీ తప్పేమీ లేదు.

మా ఇంట్లో పడుకున్న మనిషిని దాటకూడదు. మీ ఇంట్లోనూ అంతే అనుకుంటాను. దాటితే పిల్లలు ఎదగరని, పెద్దవాళ్ళకు ఆయుష్షు తగ్గుతుందని అంటారు. పొరపాటున దాటితే విరుగుడు కూడా ఉంది. వెంటనే, వచ్చిన వైపే, వెనక్కి దాటాలి. గౌడవెల్లిలో మా పాత ఇంట్లో నేను గోడవైపు, నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడైన ఎల్లయ్య మధ్యలో, మా అవ్వ వాకిలివైపు పడుకునేవాళ్ళం. ఎల్లయ్య కాళ్ళూ చేతులూ చాపి చాపంతా ఆక్రమించేవాడు. తెల్లవారి లేచి నేను వాణ్ణి దాటి అడుగు వేశానో లేదో, అవ్వ చేతికర్ర నా పిక్క మీద పడేది. 'మళ్ల దాటురా, పోరడు పొట్టోడైతడు' అనేది. నేను వెనక్కి దాటి, గోడ పట్టుకుని, వాడి తల చుట్టూ తిరిగి బయటికి పోయేవాణ్ణి.

అంత చేసినా వాడు నాకంటే జానెడు పొట్టిగానే మిగిలాడు. పెళ్ళయి, పిల్ల పుట్టాక కూడా నలుగురిలో నన్ను చూపించి, "గీ అన్న ఎన్నడో ఒకసారి ఎగ్గొట్టిండు, అందుకే నేను గింతనే ఉన్న" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేను కూడా నవ్వేవాణ్ణి. మేం బాగున్న రోజుల మాట అది.

తర్వాత పన్నెండేళ్ళు మాట్లాడుకోలేదు. కారణం చెబితే నవ్వుతారు, నవ్వండి. మా నాయిన ఇచ్చిన చెలకను ఇద్దరం పంచుకున్నాం. ఉత్తరపు సగం నాది, దక్షిణపు సగం వాడిది. మధ్యలో గెట్టు. అది వాడి పొలానికి ఉత్తరాన ఉంటుంది, నా పొలానికి దక్షిణాన ఉంటుంది. కానీ ఊరంతా దాన్ని ఉత్తరం గెట్టు అనే పిలిచారు, వాడి పొలంలో నిలబడి పేరు పెట్టినట్టు. నాకు అది కూడా కోపమే. ఒక వానాకాలం వాడు గెట్టు దాటి రెండు చాళ్ళు నా వైపు దున్నాడు. రెండే చాళ్ళు. గెట్టు మీద మా అవ్వ పెట్టిన సీతాఫలం చెట్టు నాగలికి పోయింది. నేను సర్వేయర్ను తెచ్చాను. కొలిచే గొలుసే తప్పుంది అన్నాడు వాడు. మాట మీద మాట పెరిగి, నలుగురి ముందు, "నా గడప తొక్కినవంటే కాళ్లిరగ్గొడ్త" అన్నాను. నేను మాట అనడంలో ముందుంటాను. తిరిగి తీసుకోవడం మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు.

ఎల్లయ్య ఆ మాట పట్టుకున్నాడు. నాలుగేళ్ళ కింద నా భార్య పోయినప్పుడు వచ్చాడు. వానలో, గొడుగు పట్టుకుని, గడప బయటే నిలబడ్డాడు. శవాన్ని ఎత్తేదాకా అక్కడే ఉన్నాడు. లోపలికి రమ్మని నేను అనలేదు. అందామనే అనుకున్నాను.

మాకు పిల్లలు లేరు. మేడ్చల్ లైబ్రరీలో అటెండరుగా ఇరవై ఎనిమిదేళ్ళు పుస్తకాల దుమ్ము దులిపి రిటైరయ్యాను. భార్య పోయాక రెండు గదుల ఇంట్లో నేనొక్కణ్ణే. పొద్దున్నే పాలామె వచ్చి "ఎన్ని?" అంటుంది. "ఒకటి" అంటాను. ఆ ఒక్క మాటతో గడిచిపోయిన రోజులు చాలా ఉన్నాయి. పొలాలు ఇద్దరం ఎప్పుడో అమ్ముకున్నాం. ఎల్లయ్య తూంకుంటలో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని పోయాడు. ఇప్పుడు మా చెలకలో విల్లాలు లేచాయి. మేం కొట్టుకున్న ఉత్తరం గెట్టు ఎవరిదో తెల్లకారు కింద ఉంది. ఒకసారి కాంపౌండు గోడ మీంచి చూసి వచ్చాను.

అట్లాంటప్పుడు మల్లేశం వచ్చాడు. సినిమాలకు మనుషుల్ని సరఫరా చేస్తాడు. మా ఊళ్ళో ఎవరికి ఏ ఎత్తు, ఎవరికి ఎంత గడ్డం, అన్నీ వాడికి లెక్క.

"సార్, గా గడ్డం తియ్యకు. పది దినాల పనున్నది," అన్నాడు.

"ఏం పని?"

"ఊకె నిలవడుడు, నడుసుడు. నువ్వు వంశపు పెద్దవన్నట్టు. ఉత్తరం దిక్కు గుట్టలల్ల ఉంటరట. ఎర్ర రుమాలు కట్టుకోని కోపంగ సూడాలె. నీకు గది నేర్పుడెందుకు?"

గోడలు చూస్తూ కూర్చునే కంటే నయమని ఒప్పుకున్నాను.

శామీర్‌పేట చెరువు అవతల బండరాళ్ళ గుట్టల్లో సెట్టు వేశారు. మే నెల. నేలంతా తెల్ల కాగితపు పొడి చల్లి మంచు అన్నారు. మాకు ఉన్ని కోట్లు తొడిగారు, మెడకు తోలు కట్టారు. చలికి వణుకుతున్నట్టు నడవమన్నారు. ఎండదెబ్బకు వణుకుతూనే ఉన్నాం కాబట్టి అది కష్టం కాలేదు.

రెండు వంశాలకు రెండు రంగులు. గౌడవెల్లి బస్సులో వచ్చినవాళ్ళందరికీ ఎర్ర తలపాగాలు, తూంకుంట బస్సులో వచ్చినవాళ్ళకు నల్లవి. భోజనాలకు కూడా రెండు టెంట్లు, మధ్యలో తాడు. కలిసి తింటే తలపాగాలు మారిపోతాయని, మారితే నిన్న ఎర్రగా కనిపించినవాడు ఇవాళ నల్లగా కనిపిస్తాడని అట్లా చేశారు. ఈ లెక్కలన్నీ చూసేది తృప్తి అనే అమ్మాయి, అసిస్టెంట్ డైరెక్టర్. మెడలో ఈల, చేతిలో ఫోను. నిన్న ఉన్నది ఇవాళ కూడా ఉన్నట్టే ఉందో లేదో చూడటం ఆమె ఉద్యోగం. ప్రతి మనిషినీ ఫోటో తీసి పెట్టుకునేది.

రెండో రోజు తాడు అవతల నల్ల తలపాగాల్లో ఒక పొట్టి మనిషిని చూశాను. ముఖమంతా మసి, అతికించిన మీసం. అయినా ఎడమ భుజం కిందికి వాల్చి నడిచే ఆ నడక నాకు తెలియక పోతుందా. వాడూ నన్ను చూశాడు. తలపాగా సర్దుకున్నాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఆ వారమంతా ఇద్దరం తాడుకు చెరోపక్క కూర్చుని పప్పన్నం తిన్నాం. వాడు పెరుగు వేసుకోవడం లేదని గమనించాను. చిన్నప్పుడు పెరుగు కోసం నా కంచంలో చెయ్యి పెట్టేవాడు. షుగరేమో అనుకున్నాను, అడగలేదు.

ఏడో రోజు యుద్ధం అయిపోయింది. నల్ల తలపాగాలు ఓడిపోయాయి. తృప్తి ఒక్కొక్కరినీ పడుకోబెట్టి, చెయ్యి ఇట్లా కాలు అట్లా అని వంచి, రక్తం రంగు పూయించి ఫోటోలు తీసింది. ఈ సీను మూడు రోజులు ఉంటుందని, మూడు రోజులూ అదే చోట అదే వంకరలో పడుకోవాలని, చచ్చినవాళ్ళు ఎవరూ కదలకూడదని గట్టిగా చెప్పింది. తర్వాత మమ్మల్ని వరుస కట్టించింది. నా దారికి సరిగ్గా అడ్డంగా ఎల్లయ్య పడుకుని ఉన్నాడు. వెల్లకిలా, కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి తల మీద.

"అమ్మా, నేను గా పక్క నుంచి పోత," అన్నాను.

"ఎందుకండీ?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. "తాతగారూ, కెమెరా అక్కడే ఉంది. కిందికి చూడకండి, దాటుకుని ముందుకెళ్ళిపోండి. మీరు గెలిచారు, గుర్తుపెట్టుకోండి."

మైకులో డైరెక్టర్ అరిచాడు. నడిచాం. నా ఎడమ చేతిలో కర్ర. ఎల్లయ్య దగ్గరికి వచ్చాను. కుడికాలు ఎత్తి దాటాను, రెండో కాలు కూడా అవతల పెట్టాను. అంతే. పిక్క మీద అవ్వ కర్ర పడినట్టయింది. ఆలోచించి చేసింది కాదు. కాలు దానంతటదే వెనక్కి లేచింది. వాణ్ణి వెనక్కి దాటి వాడి పక్కన నిలబడ్డాను. వెనకనుంచి వస్తున్న ముగ్గురు ఎర్ర తలపాగాలు నా వీపుకు గుద్దుకున్నారు.

"కట్!"

తృప్తి పరుగెత్తుకొచ్చింది. "తాతగారూ, వెనక్కెందుకొచ్చారు?"

"మనిషిని దాటినమ్మా."

"ఆయన చచ్చిపోయాడండీ!"

"చావలే గద," అన్నాను.

ఎర్రవాళ్ళు, నల్లవాళ్ళు, కెమెరా వాళ్ళు, అందరూ నవ్వారు. చచ్చినవాళ్ళు కొందరు లేచి కూర్చుని మరీ నవ్వారు. ఎల్లయ్య మాత్రం కళ్ళు తెరవలేదు. కదలొద్దని చెప్పారు కదా, వాడు చెప్పింది చేస్తాడు. కానీ వాడి పొట్ట ఒకసారి ఎగిరి పడింది. నవ్వాడో, ఊపిరే పీల్చుకున్నాడో నాకు తెలియలేదు.

రెండోసారి తీశారు. నా కర్ర వెనకున్న ముఖానికి అడ్డం వస్తోందని తృప్తి దాన్ని కుడిచేతికి మార్చింది. ఈసారి వెనక్కి వస్తే రేపటినుంచి రావద్దంటారని మల్లేశం చెవిలో చెప్పాడు. దాటాను. బండల చివరిదాకా ఆగకుండా నడిచాను. ఓకే అన్నారు. నేను ఆ బండలు దిగి వచ్చేసరికి చచ్చినవాళ్ళను లేపి భోజనానికి పంపేశారు. కాగితపు మంచులో వాడు పడుకున్న చోటు పళ్ళెంలా లోతుగా ఉంది. నల్ల టెంటు ముప్పై అడుగుల దూరం. తాడు ఎత్తి లోపలికి పోతే చాలు. వాడి ఎదురుగా నిలబడి ఏమనాలో కూడా తోచింది: ఇంకోసారి పండుకో, మళ్ల దాటుత. వాడు నవ్వేవాడే.

పోలేదు. నేను పెద్దవాణ్ణి, వాడే రావచ్చు కదా అనుకున్నాను. ఎట్లాగూ రేపు అదే చోట, అదే వంకరలో పడుకుంటాడు. పొద్దున్నే కెమెరా పెట్టకముందే నెమ్మదిగా వెనక్కి దాటేస్తే సరిపోతుంది, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కూడా. బస్సు ఎక్కేముందు తృప్తిని అడిగాను, రెండిట్లో ఏది పెడతారని.

"అదంతా ఎడిటింగ్‌లో తేలుతుంది తాతగారూ. ఏ ముక్క బాగుంటే అది," అంది.

మర్నాడు అందరికంటే ముందు దిగాను. ఎల్లయ్య అప్పటికే పడుకుని ఉన్నాడు. అదే కోటు, అదే నల్ల తలపాగా, ఎండకు ముఖం మీద తువ్వాలు. చుట్టూ చూసి ఒక కాలు ఎత్తాను. తువ్వాలు కింది నుంచి, "ఏం పెద్దమనిషీ, తొక్కుతవా ఏంది?" అని వినిపించింది. కొత్త గొంతు. తువ్వాలు తీసి చూస్తే వేరే ఎవరో. ఎల్లయ్యకు జరం వచ్చిందట, వాడి బట్టలు ఇతనికి తొడిగి, తలపాగా కళ్ళ మీదికి లాగి పడుకోబెట్టారు. తృప్తి తన ఫోటోతో పోల్చి చూసి, చెయ్యి కొంచెం తల వైపుకు జరిపింది. ఇప్పుడు సరిపోయింది అంది. మిగిలిన రెండు రోజులూ అతనే మా తమ్ముడు.

గౌడవెల్లి నుంచి తూంకుంట ఏమంత దూరం? రెండు ఆటోలు మారాలి. జరమే కదా, తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గింది కూడా. రెండున్నర నెలల తర్వాత ఒక పొద్దున గుండెలో నొప్పి అని ఆటో ఎక్కాడట. ఆసుపత్రి చేరలేదు. నాకు ఫోను చేసి చెప్పింది మల్లేశం.

పోయాను. నేను వెళ్ళేసరికి ఇంటినుంచి ఎత్తేశారు, నేరుగా బొందల గడ్డకే పోయాను. జనంలో వెనకాల నిలబడి, అందరితోపాటు మూడు పిడికిళ్ళ మన్ను వేశాను. మా మరదలు నా వైపు చూడలేదు. ఎల్లయ్య కూతురు నవ్యశ్రీ చూసింది. నాకు గుర్తున్న పిల్ల పన్నెండేళ్ళది, ఇప్పుడు పెద్దదైంది. ఏమైనా అంటుందేమో అని కాసేపు ఆగాను. అనలేదు. తిరిగొచ్చాను.

దాటితే మనిషి చావడని నాకు తెలుసు. అంత పుస్తకాల దుమ్ము దులిపినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా. కానీ పొద్దున్నే చాప చుట్టి పెడుతున్నప్పుడు, పాలామెకు ఒకటి అని చెప్పి తలుపు వేసుకున్నప్పుడు, ఒకసారి ఎగ్గొట్టినవ్ అని వాడు నవ్వుతూ అన్న మాట వినపడేది. వాడు అప్పుడు అన్నది అబద్ధం. ఇప్పుడు నిజం చేశాను. నాకు మిగిలిన ఆశ ఒక్కటే. మొదటిసారి తీసిన ముక్క సినిమాలో పెట్టి ఉంటే, తెర మీదైనా నేను వెనక్కి దాటి ఉంటాను. ఎవరు నవ్వినా సరే. ఆరు నెలలు ఆ సినిమా కోసం ఎదురుచూశాను. ఆ హీరో అభిమానులు కూడా అంతగా చూసి ఉండరు.

ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి రోజే మేడ్చల్‌లో ఉదయం ఆటకు పోయాను. ఈలలు, చించిన కాగితాలు. తెర మీద తాతలు కొట్టుకున్నారు, కొడుకులు కొట్టుకున్నారు, మనవలు కొట్టుకున్నారు. ఇన్ని చావులకు కారణం ఒక దారి, దాని వెడల్పు చూస్తే మా గెట్టు కంటే కొంచెం ఎక్కువ. నాకు నవ్వు రావలసింది. ఇంటర్వెల్ అయింది. యుద్ధం అయింది. కాగితపు మంచు నిజం మంచులాగే ఉంది. ఎర్ర తలపాగాలు నడిచి వచ్చాయి.

కర్ర ఎడమ చేతిలో ఉంది. మొదటిసారి తీసిన ముక్కే! లేచి నిలబడ్డాను. వెనకవాడు కూర్చోమని అరిచాడు. తెర మీద నేను కాలు ఎత్తాను, దాటాను, రెండో కాలు నేలకు ఆనింది. వెంటనే హీరో ముఖం వచ్చేసింది. పొరపాటు జరిగిన ముక్కే పెట్టారు, పొరపాటును మాత్రం కత్తిరించారు. ఇంకొక్క సెకను ఉంచితే వాళ్ళ సినిమాకు ఏం పోయేది?

సోమవారం మళ్ళీ పోయాను. సరిగా చూడలేదేమో, ఒక రెప్పపాటు కాలు లేచిందేమో అని. హాల్లో పదిహేను మంది కూడా లేరు. లేవలేదు. దాటిన ముసలివాడు దాటినట్టే పోయాడు. సినిమా అయ్యాక లైట్లు వేస్తే, నాకు రెండు వరుసల ముందు ఒక అమ్మాయి ఇంకా కూర్చునే ఉంది. మెడలో కంపెనీ గుర్తింపు కార్డు. లేచి వెనక్కి తిరిగింది.

"పెద్దనాయినా?" అంది నవ్యశ్రీ.

ఆ పిలుపు విని పన్నెండేళ్ళయింది.

బయట చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. మందుగోలీల కంపెనీలో పనిచేస్తుందట, సగం రోజు సెలవు పెట్టి వచ్చిందట. వాళ్ళ నాయిన నడుస్తున్న వీడియో ఒక్కటీ ఇంట్లో లేదట. ఫోటోలే ఉన్నాయట. "గీ సినిమాల పండుకున్నడుగాని, ఊపిరి తీసుకునుడు కనవడ్తది పెద్దనాయినా. పొట్ట కదుల్తది. నేను గది సూడనికే వస్తున్న," అంది.

నేను పక్కకు తిరిగి చాయ్ తాగాను. వేడిగా ఉంది, నాలుక కాలింది.

"ఒకటడగాల్నా?" అంది. "ఎందుకు దాటినవ్?"

"మళ్ల దాటిన బిడ్డా. నీ తోడు. కత్తిరించిన్రు."

"నాకెరికే."

"నీకెట్ల ఎరిక?"

"గారోజు నాయిన ఇంటికొచ్చి ఒకటే నవ్వుడు. మీ పెద్దనాయిన అంతమంది ముందట మళ్ల దాటిండే, కండ్లు మూసుకుంటే మాత్రం ఆయన కాలు నాకెరుక గాదా అన్నడు. అమ్మకు చెప్పిండు, పక్కింటోళ్లకు చెప్పిండు."

"రెండోసారి దాటలే. పోయిన," అన్నాను.

"గది గూడ చెప్పిండు. వాళ్లు తిట్టిన్రు, అందుకని పోయిండు, ఇయ్యాల్నో రేపో ఇంటికే వస్తడు సూడు అన్నడు. జరమొచ్చి మూడొద్దులు మంచంల ఉంటే వాకిలి దిక్కే మంచం వేపిచ్చుకున్నడు. గేటు సప్పుడైతే సూడు, మీ పెద్దనాయినేమో అని నన్ను పంపేటోడు. ఎవ్వల్లేరు నాయినా అని చెప్పేదాన్ని."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. తిడితే పడేవాణ్ణి.

"నాకు తెల్వలే బిడ్డా," అన్నాను. నేను మాత్రం వాడే రావాలని మా ఇంట్లో కూర్చున్నానని, తలుపు చప్పుడైతే నేనూ లేచానని చెప్పలేదు. చెప్పి ఏం చేస్తాను. వాణ్ణి గడప తొక్కొద్దన్నది నేను.

నా ముఖం ఎట్లా ఉందో ఏమో, ఆమె చాయ్ గ్లాసు పక్కన పెట్టి ఫోను తీసింది. ఆ యుద్ధం ముక్కను సినిమావాళ్ళే ఫోన్లలో వదిలారట. మా రెండు సెకన్లను ఆమె విడిగా తీసి పెట్టుకుంది. "గిటు సూడు పెద్దనాయినా, పరేషాన్ గాకు. రీల్స్ చేసేటోళ్లు గిట్ల ఉల్టా తిప్పుతరు," అని ఏదో నొక్కింది.

చిన్న తెర మీద మా ఎల్లయ్య పడుకుని ఉన్నాడు. నేను వాడికి అవతల ఉన్నాను. నా వెనక కాలు లేచింది, గాలిలో వెనక్కి వచ్చి వాడికి ఇవతల దిగింది. తర్వాత రెండో కాలు. అవ్వ చూసి ఉంటే కర్ర పక్కన పెట్టేది.

"సూసినవా, మళ్ల దాటినవ్. ఇగ ఏం గాదు," అంది నవ్యశ్రీ.

అది నిజమే. కానీ చిన్న తెర మీది ముసలివాడు అక్కడ ఆగలేదు. వెనక్కి దాటి, అట్లాగే వెనక్కి వెనక్కి నడుచుకుంటూ మంచులోంచి బండల వైపు పోయాడు. ముఖం తమ్ముడి వైపే ఉంది, కాళ్ళు మాత్రం దూరం పోతున్నాయి. ఎల్లయ్య పొట్ట ఒకసారి కదిలింది. అంతలో అయిపోయి మళ్ళీ మొదటికొచ్చింది.

"కాలు దించినంక ఆపు బిడ్డా," అన్నాను. "వాని పక్కపొంటి నేను నిలవడ్డకాడ ఆపు."

ఆమె మళ్ళీ పెట్టింది. వేలు ఆనించేసరికి నేను రెండడుగులు పోయి ఉన్నాను. ఇంకోసారి పెట్టింది. ఈసారి తొందరపడింది, నా కాలు ఇంకా వాడి మీద గాలిలోనే ఉంది. మూడోసారి నేను బండల దగ్గరికి పోయాను. చాయ్ బండి ఆయన గ్లాసులు తీసుకుని పోయాడు.

"ఆగుతలెవ్ పెద్దనాయినా, మస్తు జల్దీ పోతున్నవ్," అంది.

ఆ పిల్ల వేలు తప్పేమీ లేదు. నేను మా తమ్ముడి పక్కన నిలబడ్డదే అంతసేపు.